మిర్చి ధర తెచ్చే కనెక్టర్



ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో చాలామంది దానితోనే ఆగకుండా ఆటోమేషన్ సర్టిఫికేషన్‌కు కూడా చదువుతున్నారని మీ అధ్యాపకులు చెప్పారు. మైక్రోసాఫ్ట్ వారి పవర్ ప్లాట్‌ఫామ్ డెవలపర్ పరీక్ష, పీఎల్-400, అలాంటిదే. అందులో కస్టమ్ కనెక్టర్ల పాఠం దగ్గర చాలామంది తడబడతారు. ఇవాళ నేను దాని గురించే మాట్లాడతాను. స్నాతకోత్సవంలో ఇంత చిన్న సంగతా అనుకోకండి. పెద్ద మాటలు చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అక్కరకొచ్చే సంగతి చెప్పి వెళ్లాలని నా కోరిక.

మిమ్మల్ని చూసి మురిసిపోతున్న మీ అమ్మానాన్నల కోసం ఒక్క మాట. ఒక సాఫ్ట్‌వేర్ ఇంకో సాఫ్ట్‌వేర్‌ను ‘ఈ వివరం ఇవ్వు, ఈ పని చెయ్యి’ అని అడగడానికి ఒక పద్ధతి ఉంటుంది. దాన్నే ఏపీఐ అంటారు. కోడ్ తెలియని ఉద్యోగి కూడా రెండు గడులు నింపి ఆ పని చేయించుకునేలా మీ పిల్లలు మధ్యలో అమర్చేది కనెక్టర్.

పిల్లలూ, ఈ పాఠం చదివితే రాదు, చేస్తేనే వస్తుంది. పవర్ యాప్స్ డెవలపర్ ప్లాన్ ఉచితం కాబట్టి డబ్బు అడ్డం కాదు. ఏ ఏపీఐతో మొదలుపెట్టాలంటారా? కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్‌లో దేశంలోని మార్కెట్ యార్డుల రోజువారీ ధరలు ఉంటాయి. రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, క్వింటాలుకు కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని వరసగా వస్తాయి. పేరు నమోదు చేసుకుంటే కీ ఇస్తారు. గుంటూరు మిర్చి, మదనపల్లె టమాటా ధరలు మీ ఇళ్లలో రోజూ మాట్లాడుకునేవే. తెలిసిన సరుకైతే జవాబు తప్పుగా వచ్చినప్పుడు ఇట్టే పట్టేస్తారు.

కనెక్టర్ తయారుచేసేటప్పుడు సెక్యూరిటీ పేజీలో ఏపీఐ కీ ఎంచుకుని, అది వెళ్లే చోటు ‘క్వెరీ’ అని పెట్టండి. ‘హెడర్’ అని పెడితే కీ సరైనదే అయినా అవతలి సర్వర్ దాన్ని చూడదు. ఆ కీని డెఫినిషన్‌లో డిఫాల్ట్ విలువగా మాత్రం ఎప్పుడూ రాయకండి. కనెక్టర్‌ను వాడే ప్రతి ఒక్కరూ తమ కీతో తాము కనెక్షన్ పెట్టుకోవాలి. మీ కీని ఫైల్‌లో రాసి గిట్‌హబ్‌లో పెడితే ఊరందరికీ ఇచ్చినట్టే.

డెఫినిషన్ పేజీలో తొందరపడకండి. జవాబు జేసన్ రూపంలో కావాలని చెప్పే పరామితి ఒకటుంది. వాడేవాళ్లకు దానితో పనిలేదు కాబట్టి దాని విజిబిలిటీని ‘ఇంటర్నల్’ అని పెట్టాలి. అది తప్పనిసరి పరామితి కూడా అయితే డిఫాల్ట్ విలువ ఇచ్చి తీరాలి, ఎందుకంటే కనపడని గడిని ఎవరూ నింపలేరు. పరీక్షలో ఇలాంటి చోటే ప్రశ్న పుడుతుంది. తర్వాత జవాబు నమూనా దిగుమతి చేసుకున్నప్పుడు ధర ఏ రకంగా నమోదైందో చూడండి. అది అంకెగా కాక స్ట్రింగ్‌గా పడిందనుకోండి, రెండు ధరలను అలాగే పోల్చితే 12000 కంటే 9000 పెద్దదని లెక్క తేలుతుంది, ఎందుకంటే స్ట్రింగ్‌లను మొదటి అక్షరం నుంచి ఒక్కొక్కటిగా పోలుస్తుంది, 1 కంటే 9 పెద్దదని అక్కడే తేల్చేస్తుంది. ఎర్రర్ రాదు, ఆ ధరను రైతుకు మెసేజ్‌గా పంపే ఫ్లో పచ్చగానే నడుస్తుంది, వెళ్లే మెసేజ్ మాత్రం తప్పు. టెస్ట్ పేజీలో ‘అంతా సరే’ అనే 200 కోడ్ కనపడగానే పని అయిపోయిందని లేచేవాళ్లను నేను నమ్మను. వచ్చిన జవాబును చదివినవాళ్లనే నమ్ముతాను.

సమ్మరీ, డిస్క్రిప్షన్ గడులను చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నాకు అది మర్యాద తప్పినట్టే అనిపిస్తుంది. మీ కనెక్టర్‌ను తెరిచే గుమస్తాకు మీరు పక్కన ఉండి చెప్పరు కదా, ఆ రెండు వాక్యాలే చెప్పాలి.

ఇది కుదిరాక ఓఆత్ 2.0 ఉన్న ఏపీఐ ఒకటి పట్టుకోండి. అక్కడ వరస ముఖ్యం. కనెక్టర్‌ను సేవ్ చేశాకే రీడైరెక్ట్ యూఆర్ఎల్ వస్తుంది, దాన్ని తీసుకెళ్లి యాప్ రిజిస్ట్రేషన్‌లో నమోదు చెయ్యాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా సైన్-ఇన్ దగ్గరే ఆగిపోతుంది. కావాలనే ఆ అక్షరం మార్చి ఏమొస్తుందో చూడండి. కావాలనే టోకెన్ పాడుచేసి 401 తెప్పించండి, స్కోప్ తగ్గించి 403 తెప్పించండి. ‘నువ్వెవరో తెలియదు’ అనేది మొదటిది, ‘నువ్వెవరో తెలుసు, నీకు అనుమతి లేదు’ అనేది రెండోది. ఈ తేడా మీ కళ్లతో చూస్తే పరీక్షలోనే కాదు, రాత్రి పదింటికి ఫోన్ వచ్చినప్పుడు కూడా గుర్తుంటుంది. ‘మరీ ఎక్కువసార్లు అడిగావు’ అనే 429 వస్తే గాబరా పడి మళ్లీ మళ్లీ నొక్కకండి, ఎంతసేపు ఆగాలో చాలా సర్వర్లు ‘రిట్రై-ఆఫ్టర్’ హెడర్‌లో చెబుతాయి. ఇంకొకటి, సొల్యూషన్‌ను వేరే ఎన్విరాన్‌మెంట్‌కు తరలిస్తే క్లయింట్ సీక్రెట్ వెంట రాదు, అక్కడ మళ్లీ ఇవ్వాలి. ఆ సీక్రెట్‌కు గడువు కూడా ఉంటుంది. ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకోండి.

ట్రిగ్గర్ల గురించి ఒక్క సంగతి చెప్పి వదిలేస్తాను. వెబ్‌హుక్ ట్రిగ్గర్ నమోదైనప్పుడు అవతలి సర్వర్ ‘లొకేషన్’ హెడర్‌లో ఒక చిరునామా తిరిగి ఇవ్వాలి. ఫ్లోను తొలగించినప్పుడు ఆ నమోదును రద్దు చేసేది ఆ చిరునామాతోనే. అది లేకపోతే ఫ్లో పోయినా అటువైపు నమోదు మిగిలిపోతుంది. ఇంకో జాగ్రత్త, కనెక్టర్ డెఫినిషన్ ఫైల్ దిగుమతి చేసేవాళ్లు అది ఓపెన్‌ఏపీఐ 2.0లో ఉందో, 3.0లో ఉందో ముందే చూసుకోండి. ఇక్కడ 2.0 కావాలి.

అమీర్‌పేట గల్లీల నుంచి వాట్సాప్ గ్రూపుల దాకా పరీక్ష ప్రశ్నల డంప్స్ తిరుగుతున్నాయని నాకు తెలుసు, ఫీజు కట్టిన పిల్లల భయమూ తెలుసు. అయినా వాటి జోలికి వెళ్లకండి. దొరికితే సర్టిఫికెట్ రద్దు చేసే హక్కు మైక్రోసాఫ్ట్‌కు ఉంది. దొరక్కపోతే ఇంకా నష్టం, ఎందుకంటే చేతకాని పని మీ పేరు మీద పడుతుంది. పైగా 2023 నుంచి ఈ స్థాయి పరీక్షల్లో మైక్రోసాఫ్ట్ లెర్న్ పేజీలు తెరిచి చూసుకోనిస్తున్నారు. గడియారం మాత్రం ఆగదు. ఎక్కడ వెతకాలో తెలిసినవాళ్లకే ఆ వెసులుబాటు ఉపయోగపడుతుంది, ఎక్కడ వెతకాలన్నది స్వయంగా చేసి చూసినవాళ్లకే తెలుస్తుంది.

పరీక్ష గట్టెక్కాలంటే 1000కి 700 రావాలి. అది 70 శాతం అని లెక్క కట్టకండి, స్కేల్ చేసిన మార్కులవి. మొదటిసారి తప్పితే 24 గంటల తర్వాత మళ్లీ రాయవచ్చు, కుంగిపోవాల్సిందేమీ లేదు. ఏటా చేసుకోవాల్సిన రెన్యువల్ ఉచితం, ఇంట్లో కూర్చునే రాయవచ్చు.