నల్లగండ్లలో రేగి వడియాలు: మా సంఘం అనుభవం

(వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చదివిన ప్రసంగం)



మాది నల్లగండ్లలో పది మంది పొదుపు సంఘం. మాలో ఆరుగురం అపార్ట్‌మెంట్లలో వంటకు, ఇంటి పనికి పోతాం. సంక్రాంతికి ఆ ఇళ్లలో భోగిపళ్లు పోస్తారు. రేగి పళ్లు కిలోలకు కిలోలు తెస్తారు, సగం మిగులుతాయి. రెండు రోజులకు మెత్తబడి చెత్త బండిలో పడతాయి. లింగంపల్లి మార్కెట్లో కూడా భోగి దాటితే వాటిని అడిగేవాళ్లు తక్కువే. ఆ మిగిలినవి తెచ్చి వడియాలు పెడదామని అనుకున్నాం. పిల్లల తలమీద పోసినవి కాదు, గంపలో మిగిలినవే. ఆ మాట కొనేవాళ్లకూ చెప్పాం.

చేసే పద్ధతి మీ అందరికీ తెలిసిందే. పుచ్చులు ఏరి, కడిగి, తడి ఆరనిచ్చి రోట్లో దంచుతాం. కిలో పళ్లకు పావుకిలో బెల్లం, పది పన్నెండు పచ్చిమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర. మిక్సీలో వేద్దామని ఒకసారి చూశాం, గింజలకు బ్లేడే వంగింది. రోలే నయం.

అసలు తిప్పలు ఎండ దగ్గర వచ్చాయి. ఊళ్లో మా అమ్మలు మూడు నాలుగు ఎండలు చాలనేవారు. మేమూ అదే లెక్క పట్టుకున్నాం. కానీ మా డాబాకు ఎదురుగా పెద్ద అపార్ట్‌మెంట్ లేచింది, మధ్యాహ్నం మూడు కొట్టేసరికి దాని నీడ మా మీదే. పొద్దున మంచు పోయేసరికి తొమ్మిది దాటుతుంది. పైగా కట్టడాల దుమ్ము, అందుకని పైన పలచటి చీర కప్పాలి. ఊరి ఎండలో సగం కూడా మాకు దక్కలేదు.

నాలుగో రోజు సాయంత్రం మా పెద్దక్క ఒక వడియం విరిచి చూసి, "లోపట ఇంకా పచ్చిగనే ఉంది, ఇంకో రెండు రోజులు ఎండనియ్యుండ్రి" అన్నది. మేము వినలేదు. మరుసటి రోజు ఇస్తామని మాట ఇచ్చేశాం మరి. ప్యాకింగ్ పని ఆమెకే అప్పజెప్పి 40 ప్యాకెట్లు కట్టించాం. 26 అమ్ముడుపోయాయి, ఒక్కోటి 60 రూపాయలు, అదీ మేము పనిచేసే ఇళ్లకే.

పది రోజులకు బూజు వచ్చింది. ఒక ఇంట్లో ప్యాకెట్ చూపించి, "వంట కూడా ఇట్లనే చేస్తున్నావా?" అని అడిగారు. ఆ మాట డబ్బు కంటే ఎక్కువ తగిలింది. పని పోతుందేమోనని ఆ వారమంతా భయపడ్డాం.

26 ప్యాకెట్ల డబ్బు, 1,560 రూపాయలు, ఇల్లిల్లూ తిరిగి వాపసు ఇచ్చాం. మిగిలినవన్నీ పారేశాం. బూజు గీకేసి మళ్లీ ఎండబెడదామని ఒకరు అన్నారు గానీ పైన కనిపించేది కొంచెమే, లోపలికి పాకి ఉంటుంది. అట్ల చేయకండి.

తర్వాత మీటింగులో ఇంకో తప్పు చేశాం. ప్యాక్ చేసింది ఆమే కదా, నష్టం ఆమే కట్టాలని నలుగురం అన్నాం. ఆమె ఏమీ అనలేదు, పొదుపు పుస్తకం తీసి ముందర పెట్టింది. అప్పుడు మాకు సిగ్గనిపించింది. ఆగుదామన్నది ఆమె, తొందరపెట్టింది మేము. నష్టం సంఘం ఖాతాలోనే రాశాం.

ఈ సంవత్సరం రోజులు లెక్కపెట్టడం మానేశాం. వడియాలు పలచగా, చిన్నగా తడుతున్నాం. మందంగా ఉంటే పైన గట్టిపడి లోపల తడి అట్లనే ఉండిపోతుంది, కవర్లో పెట్టాక అది బయటికి వస్తుంది. రోజూ తిరగేస్తాం, పొద్దు వాలక ముందే లోపలికి తెస్తాం. ఎండాయనుకున్నాక పూర్తిగా చల్లారనిచ్చి, కొన్ని గాజు సీసాలో పోసి మూత బిగించి రాత్రంతా ఉంచుతాం. పొద్దున సీసా లోపల చెమ్మ కనిపిస్తే అన్నీ మళ్లీ డాబా మీదికే. ఈసారి ఏడు రోజులు పట్టింది. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కూడా చేయించాం, ప్యాకెట్ మీద ఆ 14 అంకెల నంబరు, చేసిన తేదీ, వేసిన సరుకులు రాస్తున్నాం. ఇంకా ఒక నోటు పుస్తకం పెట్టాం. పెద్దక్క సంతకం లేకుండా ఒక్క ప్యాకెట్ కూడా కట్టడానికి లేదు. పోయినసారి కొన్న ఇళ్లలో కొన్ని మళ్లీ తీసుకున్నాయి. ఆ ప్రశ్న అడిగిన ఇల్లు ఇంకా తీసుకోలేదు.

వెనక బల్ల మీద రెండు పళ్లేల్లో పెట్టాం, రుచి చూడండి. గింజలు తీయలేదు, చిన్నపిల్లలకు పెట్టేవాళ్లు గింజ తీసి పెట్టండి.