డీవీడీ మెనూలోనే ఫొటోల స్లైడ్‌షో పెట్టడం ఎలా?

ఈ రోజుల్లో డీవీడీ ఎవరు చూస్తారు అనుకుంటున్నారా? మా నాన్నమ్మ చూస్తుంది. స్మార్ట్‌ఫోన్ ఆవిడకి అలవాటు కాలేదు. అందుకే తాతయ్య పాత ఫొటోలు స్కాన్ చేసి, వాళ్ల షష్టిపూర్తి వీడియోతో కలిపి ఒక డిస్క్ చేసి పంపాను. మెనూలో రెండు బటన్లు: వీడియో, ఫొటోలు. వారం తర్వాత ఫోన్ చేస్తే, "మీ తాతయ్య ఫొటో ఒక్కటే వస్తోంది నాన్నా, ఇంకోటి రావట్లేదు" అంది. అంటే వారం రోజులూ మెనూ బ్యాక్‌గ్రౌండ్‌నే చూస్తూ కూర్చుంది! రిమోట్‌లో ఓకే నొక్కాలని నేను చెప్పలేదు. తప్పు నాదే.

సరే, ఫొటోలు మెనూలోనే తిరిగితే గొడవే ఉండదు కదా అనుకున్నాను.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. డీవీడీ మెనూ వెబ్ పేజీ లాంటిది కాదు. వెనకాల ఉండేది ఒకే ఎంపెగ్-2 వీడియో. బటన్ల హైలైట్ దాని మీద ఒక పొర, ఆ పొరకి నాలుగే రంగులు. కాబట్టి ముందు స్లైడ్‌షోని వీడియోగా మార్చాలి, తర్వాత దాన్నే మెనూ బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టాలి.

నేను 12 ఫొటోలు తీసుకుని, ఒక్కోటి 5 సెకన్లు ఉంచాను. మొత్తం ఒక నిమిషం. సెకనుకి 8 మెగాబిట్లు వేసుకున్నా 60 ఎంబీయే, డిస్క్‌లో చోటుకి ఇబ్బంది లేదు. మన దగ్గర పాల్ పద్ధతి కాబట్టి సైజు 720×576, సెకనుకి 25 ఫ్రేములు. పాత 4:3 టీవీకైతే ఫొటోల్ని 768×576లో డిజైన్ చేసి, చివర్లో 720కి కుదించండి. లేకపోతే ముఖాలు సాగినట్టు కనిపిస్తాయి. పాత టీవీలు అంచులు కోసేస్తాయి, కాబట్టి ముఖాలు, బటన్లు అంచుకి దూరంగా ఉండాలి.

ఇప్పుడు డీవీడీస్టైలర్ ఓపెన్ చేయండి, ఇది ఫ్రీ. మెనూ ప్రాపర్టీస్‌లో బ్యాక్‌గ్రౌండ్‌గా ఈ వీడియో ఇచ్చి, అయిపోగానే మళ్లీ మొదలయ్యేలా లూప్ పెట్టండి. లూప్ దగ్గర చాలా ప్లేయర్లు ఒక్క క్షణం ఆగుతాయి. అందుకే చివరి ఫొటోని, పాటని మెల్లగా ఫేడ్ చేసేయండి, ఆ ఆగడం తెలియదు. బర్న్ చేసేముందు ఐఎస్ఓ ఫైల్ చేసి వీఎల్‌సీలో చూసుకోండి.

కొత్త డిస్క్ పంపాను. ఇప్పుడు నాన్నమ్మ ఏ బటనూ నొక్కక్కర్లేదు. డిస్క్ పెడితే చాలు, తాతయ్య వచ్చేస్తాడు.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫొటోలు ఉంటే ఈ ఆదివారమే స్కాన్ చేయండి.