పూవు వాడిన పిమ్మట

వసంతము ముగియునప్పటికి మన ముంగిళ్లలో దుంపజాతి పూలమొక్కల వైభవమును ముగియును. బాకాలవంటి పెద్ద పూలు పూచు అమరిల్లిస్, మే నెలలో ఎర్రని చెండువలె విచ్చుకొను లిల్లీ కొలది దినములు కనులపండువు చేసి వాడిపోవును. అంతటితో కుండీ గోడప్రక్కకు చేరును. మరుసటి యేట ఆకులే వచ్చును గాని పూలు రావు. దుంప చెడినదని పారవేయువారు పలువురు. కాని లోపము దుంపలో లేదు. దానికి ఆహారము చాలలేదు.

ఉల్లిగడ్డను కోసి చూచిన ఈ సంగతి తెలియును. అందలి పొరలన్నియు ఆహారము నింపుకొన్న ఆకుల మొదళ్లే. అమరిల్లిస్ దుంపయు అట్టిదే. పూచుటకై అది తన నిలువను వ్యయము చేయును. ఆ లోటును తీర్చునది ఆకు. రాబోవు పూమొగ్గ కూడ ముందుగనే దుంపలోపల ఏర్పడును; సుమారు నాలుగు ఆకులకు ఒక పూగుత్తి చొప్పున అది సిద్ధమగును. కావున వాడిన పూలను, కాడ పసుపుపచ్చనైన పిమ్మట ఆ కాడను తీసివేయవచ్చును గాని, పచ్చని ఆకును కోయరాదు, ముడివేయరాదు.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. 2007లో శ్రీనగరులో నెలకొల్పిన తోటవలన ప్రసిద్ధికెక్కిన తులిప్ పూలు శీతలదేశపువి. అవి వేసవిలో నిద్రించును. చలి లేనిదే సరిగా పూయవు. మన దుంపలకు వానకాలము పెరుగుదలకాలము, పొడి చలికాలము విశ్రాంతికాలము. వేసవి మొదట దుంపలు త్రవ్వి దాచుడని శీతలదేశపు పుస్తకములు చెప్పు మాట మనకు పనికిరాదు.

మన సీమలో దుంపకు తొలిశత్రువు నిలువనీరు. తమ్మిలేరు, బుడమేరు కొల్లేటిలో కలియును. కొల్లేటి నీరు ఉప్పుటేరు వెంట సముద్రము చేరును. ఆ పల్లపుటూళ్లలో, ఏలూరు దక్షిణభాగమున, నల్లని బంకమన్ను వాననీటిని త్వరగా వదలదు, దుంప క్రుళ్లిపోవును. అట్టిచోట జానెడెత్తు మడి కట్టి, ఎర్రమన్ను, ఇసుక, బాగుగ మాగిన పశువుల ఎరువు కలిపి నాటవలెను. అమరిల్లిస్ దుంపలో పైభాగము మూడవవంతు మట్టిపైన కనబడుచుండవలెను. తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున, ఉద్యాన విశ్వవిద్యాలయమున్న వెంకట్రామన్నగూడెము వంటి మెట్టనేలలలో నీరు త్వరగా ఇంకును. అచ్చట వానలు తప్పినపుడు నీరు పోయుట మరువరాదు.

పూలు వాడినది మొదలు ఆశ్వయుజమువరకు మొక్కకు ఉదయపుటెండ తగులనిచ్చి, నెలకొకమారు కొంచెము ఎరువు వేయవలెను. వానలలో నల్లని ఒంటిపై తెలుపు, ఎరుపు మచ్చలుగల గొంగళిపురుగులు గుంపుగా చేరి ఆకులను తినివేయును. ఉదయముననే వానిని ఏరి సబ్బునీటిలో వేయవలెను. ఆకు పోయిన, మరుసటి యేటి పూవు పోయినట్లే.

కార్తికమునుండి నీరు తగ్గింపవలెను. ఆకు తానై పండి ఎండును; కొన్ని మొక్కలకు పూర్తిగ ఎండకపోయినను బలవంతముగ కోయవద్దు. పుష్యమాసములో దుంపలను త్రవ్వి, ప్రక్కన పుట్టిన పిల్లదుంపలను వేరుచేసి, నీడలో ఆరబెట్టవచ్చును. ఈ పని ఏటేట అక్కరలేదు. మూడు నాలుగేండ్లకొకసారి చాలును. పిల్లదుంపలు పూయుటకు రెండు మూడేండ్లు పట్టును.

ఆరబెట్టునపుడు ఇల్లాండ్రు ఒక జాగ్రత్త వహింపవలెను. ఈ దుంపలు చూచుటకు ఉల్లిగడ్డలవలెనే ఉండును గాని విషపూరితములు, తినినచో వాంతులగును. వంటింటి ఉల్లిబుట్టలో ఉంచరాదు. పిల్లలకును, పశువులకును అందనీయరాదు.

మాఘమాసము చివర మరల కొద్దికొద్దిగ నీరు పోయుడు. దుంప మెడనుండి మొదట మొనదేరిన మొగ్గ వెలువడినచో, గడచిన వానకాలములో ఆకు చేసిన కష్టము ఫలించినదని ఎరుగవలెను. మిగిలిన పిల్లదుంపలను పొరుగింటికి పంపుడు. వానితోపాటు ఆకు కోయవద్దను మాటయు చెప్పి పంపుడు.