మెదడులోని కంతులు - నేటి వైద్యము

(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఇరువదియైదేండ్లుగా మేడిపల్లిలో ఈ గ్రంథాలయమును నిలుపుకొని వచ్చిన పెద్దలకు నమస్కరించి, నాకప్పగించిన విషయమును ఆరంభించుచున్నాను. పండుగనాడు రోగముల మాట యేల యని కొందరనుకొనవచ్చును. మూర్ఛ వచ్చిన మనిషి చేతిలో తాళముచెవులు పెట్టి, గాలి సోకినదని తాయెత్తు కట్టి, నెలలు గడపు ఇండ్లు పల్లెలలో నేటికిని కలవు. ఆ నెలలే ఒక్కొక్కప్పుడు ప్రాణమునకు ఖరీదగుచున్నవి. కావున ఈ మాటలు ఇచ్చట చెప్పదగినవే.

శరీరకణములు కట్టుదప్పి పెరిగినచో కంతి యగును. పుర్రెలో చోటు తక్కువ గనుక చిన్న కంతియైనను మెదడును నొక్కును. అయితే పెద్దవారి మెదడులో పుట్టు కంతులన్నియు ఒక్క తీరువి కావు. మెదడును కప్పిన పొరలనుండి పుట్టు మెనింజియోమా చాలవరకు క్యాన్సరు కాదు. అది చేనిలోని బండవంటిది. అనుకూలమైన చోట నున్నచో పూర్తిగా తొలగింపవచ్చును. మెదడు కణజాలమునుండియే పుట్టు గ్లయోమా పసుపుచేనిలోని తుంగవంటిది. కనబడినంత పెరికినను లోపలి గడ్డలు మిగిలి మరల మొలచును. అందు మిక్కిలి క్రూరమైనది గ్లయోబ్లాస్టోమా.

1884లో లండను నగరమున గాడ్లీ అను శస్త్రవైద్యుడు ఒక రోగి మెదడునుండి ఇట్టి కంతిని తీసెను. లోపల చూచు సాధనము నాడు లేదు. చేయి చచ్చుబడిన తీరును, మూర్ఛ వచ్చు తీరును గమనించి చోటు ఊహించిరి. ఊహ సరిపోయినది గాని రోగి కొలదివారములకే మరణించెను. 1971లో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రముతో మొదటి రోగి మెదడు చిత్రమును తీసిరి. తరువాత ఎం.ఆర్.ఐ. వచ్చినది. నేడు శస్త్రచికిత్సకు ముందు రోగిచేత ఒక మందు త్రాగించి, నీలి కాంతిలో కంతి ఎఱ్ఱగా మెరయునట్లు చేయుచున్నారు. 2006లో ప్రకటించిన జర్మనీ పరిశోధనలో ఈ పద్ధతివలన కనబడు కంతిని పూర్తిగా తీయగలిగినది నూటికి 65 మందిలో; మామూలు కాంతిలో 36 మందిలో మాత్రమే.

2005లో మరియొక మెట్టు ఎక్కితిమి. గ్లయోబ్లాస్టోమాకు కిరణచికిత్స ఒక్కటే చేసినవారిలో రెండేండ్లు బ్రదికినవారు నూటికి 10 మంది. టెమోజోలమైడ్ అను మందును జతచేయగా 26 మంది. 2008లో కొన్ని గ్లయోమాలలో ఐ.డి.హెచ్. అను జన్యువు మారియుండుటను కనుగొనిరి. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణములో, కంతి రూపముతోబాటు జన్యువును గూడ చూచి పేరు పెట్టుచున్నారు. ఆ జన్యుదోషమునే గురిపెట్టిన వొరాసిడెనిబ్ అను మాత్ర, మెల్లగా పెరుగు గ్లయోమాలను సగటున 27 నెలలకు పైగా అదుపులో నుంచెను. మందు లేనివారిలో ఆ కాలము 11 నెలలే. 2024లో అమెరికా దీనికి అనుమతి నొసగెను.

ఇందు తెలుగువాని పాలు గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో నడపిన పరిశోధనలనుండియే మెథోట్రెక్సేటు వెలువడినది. రక్తములోని వస్తువులను మెదడులోనికి సులభముగా పోనీయని అడ్డుగోడ యొకటి ప్రకృతియే కట్టినది. చాల మందులు అచ్చటనే ఆగిపోవును. మెథోట్రెక్సేటును పెద్ద మోతాదులో ఇచ్చినచో ఆ గోడను దాటగలదు. మెదడులో పుట్టు లింఫోమా అను కంతికి నేటికిని అదియే మూలౌషధము. సుబ్బారావుగారు 1948లోనే గతించిరి; ఈ ఫలమును చూడలేదు.

ఇంత చెప్పియు నిజమును దాచరాదు. గ్లయోబ్లాస్టోమా ఇంకను లొంగలేదు. చికిత్స చేసినను సగము మంది ఏడాదిన్నరకు మించి బ్రదుకుట లేదు. కావున పూర్తిగా నయము చేసెదమని పూచీపడువారి మాట నమ్మి ఉన్న ఎకరము అమ్ముకొనవలదు. ఏ చికిత్సవలన ఎంత ఫలమో వైద్యుని సూటిగా అడుగుడు. అది మీ హక్కు.

మరియొక సంగతి. చిత్రములో కనబడిన ప్రతి మచ్చయు కంతి కాదు. మన దేశమున క్షయవలనను, బద్దెపురుగు పిల్లలవలనను మెదడులో గడ్డలు ఏర్పడుట కలదు. వానిలో పెక్కు మందులతోనే మానును. అందుచే చిత్రము చూడగనే నిరాశ చెందరాదు.

తలనొప్పులలో అత్యధికము కంతివి కావు. కాని పెద్దవయసులో మొదటిసారి మూర్ఛ వచ్చినను, ఉదయపు తలనొప్పి వాంతులతో నానాట పెరిగినను, ఒకవైపు కాలుసేతులు బలము తగ్గినను, మాట తడబడినను, చూపు మందగించినను ఆలస్యము కూడదు. మూర్ఛ వచ్చినవానిని ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోట నేమియు పెట్టకుడు. గల్ఫు దేశములలోని మన బిడ్డలు ఉద్యోగము పోవునను భయమున ఇట్టి లక్షణములను దాచకుండునట్లు ఉత్తరములలో, ఫోనులలో చెప్పుడు. హైదరాబాదులోని నిమ్సు, ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వసంస్థలే. ఆరోగ్యశ్రీ పథకమున మెదడు శస్త్రచికిత్సలును చేరియున్నవి. 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షలకు పెంచిరి.

గ్రంథాలయ కార్యదర్శిగారికి ఒక మనవి. ఈ లక్షణములను పెద్ద అక్షరములతో వ్రాయించి పఠనమందిర ద్వారమున కట్టింపుడు. చదువరానివారికి చదువు వచ్చిన పిల్లలు చదివి వినిపింతురుగాక. గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక!