కొత్త నెట్‌వర్కు వస్తే ఫోను ఖర్చు తగ్గుతుందా?

పొన్నేరి తెలుగువారికి ఆంధ్ర సరిహద్దు ఎంతో దూరం కాదు. ఆరంబాక్కం దాటితే తడ, ఆ పైన సూళ్లూరుపేట. పిల్లనిచ్చినా తెచ్చుకున్నా అటూ ఇటూనే. కాని సెల్‌ఫోనుకు అది పరాయి రాష్ట్రం. ఇక్కణ్ణించి అక్కడికి మాట్లాడితే ఎస్టీడీ. ఫోను పట్టుకుని అక్కడికి వెళితే రోమింగు. మనకు వచ్చిన కాలుకూ మనమే డబ్బు కట్టేవాళ్లం. తడ రాగానే ఫోను ఆపేసి సంచిలో పెట్టుకున్నవారు మీలోనూ ఉంటారు.

ఇప్పుడు ఆ బాధ లేదు. ఇదంతా కొత్త టెక్నాలజీ చలవేనా?

సగమే నిజం. 4జీలో మన మాట కూడా డేటాగానే ప్రయాణం చేస్తుంది. అదే తరంగాల మీద మునుపటికంటే ఎన్నో రెట్లు సమాచారం పోతుంది. కాబట్టి కంపెనీకి యూనిట్ ఖర్చు తగ్గుతుంది. ఆ తగ్గింపు మన చేతికి వస్తుందా అన్నది వేరే లెక్క.

మన దేశంలో సెల్‌ఫోను 1995 జూలై 31న మొదలైంది. అప్పట్లో నిమిషానికి పదహారు రూపాయల దాకా ఉండేది. 2003 మేలో వచ్చే కాల్స్ ఉచితమయ్యాయి. అందుకు కొత్త నెట్‌వర్కేమీ రాలేదు, నిబంధన మారింది. రోమింగులో వచ్చే కాల్స్‌ను బీఎస్ఎన్ఎల్ 2015 జూన్‌లో ఉచితం చేసింది; అప్పటికి దానికి 4జీయే లేదు. ఇక 4జీని ఎయిర్‌టెల్ 2012లోనే కలకత్తాలో ప్రారంభించింది. డేటా ధర కుప్పకూలింది మాత్రం 2016 సెప్టెంబరులో, జియో పోటీకి వచ్చాక.

తరువాత కంపెనీలు ఒకటొకటిగా మూతపడ్డాయి, కలిసిపోయాయి. మిగిలిన ప్రైవేటు కంపెనీలు 2019లో, 2021లో, 2024లో ధరలు పెంచాయి. మధ్యలో 2022 అక్టోబరులో 5జీ వచ్చింది, బిల్లు తగ్గలేదు. 2024 జూలైలో ఎయిర్‌టెల్ 28 రోజుల కనీస ప్యాకు 179 రూపాయల నుంచి 199 అయింది. 28 రోజులంటే నెల కాదు సుమండీ! ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జీలు. మొత్తం 2,587 రూపాయలు. ఇంట్లో మూడు ఫోన్లుంటే మీరే గుణించుకోండి.

ఒక జీబీ ఎంత చవకైతే ఏం, కొడుకు ఫోను కోసం ఎదురుచూసే అవ్వకు ఆ జీబీతో పనేమిటి? అలాంటివారి కోసం డేటా లేకుండా మాటలకూ ఎస్ఎంఎస్‌కూ మాత్రమే ప్యాకులు ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. అవి వచ్చాయి కూడా. ఏడాది మీద చూస్తే తక్కువే పడుతుంది, కాకపోతే ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి. అంగట్లో వాళ్లంతట వాళ్లు చెప్పకపోవచ్చు. తమిళంలోనో తెలుగులోనో, "డేటా లేని ప్యాకు ఉందా?" అని మీరే అడగండి.