తెల్లని పలకలు: ఏకాంకికయందు భావిసూచన

ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏటేట జరుగుచున్నదో ఆ ఆచార్యులు నాటకమును చదువుటకంటె వినుటయే ముఖ్యమని శిష్యులకు బోధించినవారగుటచే, సిద్ధాంతచర్చను తగ్గించి, ఒక్క చిన్ననాటకమును చెవియొగ్గి విందమని సంకల్పించితిని. అది ఐర్లండు రచయిత జాన్ మిలింగ్టన్ సింజ్ వ్రాసిన ‘రైడర్స్ టు ది సీ’. 1904లో డబ్లిన్ నగరమున తొలుత ప్రదర్శింపబడిన ఈ ఏకాంకికకు, ఆయన 1898 మొదలుకొని పలుమారులు పోయి నివసించిన ఏరన్ దీవుల జీవితమే ఆధారము.

భావిసూచన మనకు క్రొత్తది కాదు. పతాకాస్థానకమను పేర మన లాక్షణికులు దానిని వివరించియే యున్నారు. వేణీసంహారమున దుర్యోధనుడు భానుమతితో తన తొడల మాట యెత్తునంతలో కంచుకి వచ్చి విరిగినదని పలుకును. విరిగినది గాలికి రథధ్వజమే యైనను, భారతకథ నెరిగిన ప్రేక్షకుని గుండె యదరును. అచ్చట సూచన రెండు మాటల కలయికయందు పుట్టినది. సింజ్ దానిని ఇంటిసామానులో నుంచినాడు. ఈ నాటకపు భయమంతయు ఆ సామానునుండియే పుట్టుచున్నదని నా యభిప్రాయము.

తెర లేచునప్పటికే గోడ కానించిన క్రొత్త పలకలు కనబడును. సముద్రమున గల్లంతైన మైకేల్ శవము దొరకినచో పేటిక చేయించుటకై తల్లి మోర్యా అధికమైన వెల నిచ్చి కొన్నవి అవి. మిగిలిన యొక్క కొడుకు బార్ట్లీ గుఱ్ఱములను సంతకు తోలుకొని పోవుటకు క్రొత్తత్రాడు నడుగగా, అది మైకేలును గోతిలోనికి దింపుటకు కావలసివచ్చునని ఆమె వారించును. బార్ట్లీ తొడిగికొని పోవునది మైకేల్ చొక్కా. పెద్దకూతురు కాథ్లీన్ కాల్చుచున్న రొట్టె అతని చేతికి అందనే అందదు. తుదకు పేటిక చేయవచ్చినవారికి కాథ్లీన్ పెట్టజూపునది రొట్టెయే. పలకలు మైకేలుకు గాక బార్ట్లీకి పనికివచ్చును. అంతటి వెలపోసి పలకలు కొన్నవారికి మేకుల మాట తోచలేదు! ఎన్నో పేటికలు చూచిన తల్లి మేకులు మరచుట వింతయని అక్కడివాడొకడు అనును. ఆ ఒక్క మరపులో, రాబోవుదానిని ఎరిగియు ఒప్పుకొనని మాతృహృదయమంతయు నాకు కనబడుచున్నది. బూడిదవన్నె గుఱ్ఱముపై మైకేల్ కనబడెనని మోర్యా చెప్పు దర్శనఘట్టమును పలువురు మెచ్చుకొందురుగాని, ఈ మేకుల ముందు అది నాకు తక్కువగనే తోచును.

ఇక సంభాషణము. ప్రయాణసన్నద్ధుడైన బార్ట్లీ చెప్పునదేమి? గొర్రెలు పైరులో పడకుండ చూడుమని, బేరగాడు మంచి వెలయిచ్చినచో పందిని అమ్ముమని. అతడు తనకు తెలియకయే మరణశాసనము చెప్పుచున్నాడు. ఇంతకంటె బలీయమైనది పలుకబడని మాట. దీవించుచు వెడలిన కొడుకునకు తల్లి ప్రతిదీవన చేయదు; కూతుండ్రు మందలించి రొట్టెతో ఆమెను బావియొద్దకు పంపగా, కొడుకు ఎదురుగ వచ్చినపుడును మాట గొంతున చిక్కుకొనును, రొట్టె ఆమె చేతిలోనే తిరిగివచ్చును. ఈలోపుగ ఇంట చెల్లెలు నోరా, ఉత్తరదేశమున దొరకిన శవముపై నుండి తెచ్చిన మేజోటిని పరీక్షించును. తాను అరువది ముడులతో మొదలుపెట్టి నాలుగు జారవిడిచిన మేజోడే యది! లెక్క సరిపోవుటతో మైకేల్ మరణము రూఢియగును. ఏడుపుకంటె ముందు ఎంచుట వచ్చినందుననే ఆ ఘట్టము సహింపరానిదగుచున్నది.

ఒక యాక్షేపణ కలదు: అరగంటలో బయలుదేరినవాడు మునిగి శవమై వచ్చుట అసహజమని. గడియారముతో కొలిచిన నిజమే. కాని మోర్యా పూర్వము మరొక కొడుకు పాచ్ మరణించిన దినమును చెప్పుచున్నది: తలుపు తెరచుకొనుట, స్త్రీలు ఒక్కరొక్కరుగ లోనికి వచ్చుట, నావచాపలో చుట్టి తెచ్చిన దేహమునుండి నీరు కారుట. ఆమె చెప్పుచుండగనే తలుపు తెరచుకొని స్త్రీలు వచ్చుచున్నారు. ఇది పాచా, మైకేలా యని ఆమెయే యడుగును. భర్తను, మామను, ఒకరి తరువాత ఒకరుగ కొడుకులను ఆ సముద్రమునకే ఇచ్చిన యిల్లాలికి ఆ మరణము లన్నియు ఒకే దినమున జరిగినట్లున్నవి. ఆమె కాలమునే సింజ్ రంగస్థలకాలముగ తీసికొన్నాడు గనుక, అరగంట ఆయనకు చాలినది.