పొలంలో వేదిక: ఒక చిన్న ప్రోగ్రెసివ్ రాక్ ఉత్సవానికి వెళితే



రాక్ సంగీతోత్సవం అనగానే మీ కళ్ళముందు లక్షల జనం, పెద్ద పెద్ద తెరలు, రంగురంగుల దీపాలు మెదులుతాయి. 1969 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక పాడిరైతు భూమిలో జరిగిన వుడ్‌స్టాక్ ఉత్సవానికి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారని అంచనా. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది కూడా పొలంలో జరిగే ఉత్సవం గురించే. కాకపోతే దానికి వచ్చేవాళ్ళు కొన్ని వందల మంది. మన ఊళ్ళో ఒక మోస్తరు పెళ్ళికి అంతకంటే ఎక్కువ మందే వస్తారు.

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో చాపెల్ హిల్ అనే విశ్వవిద్యాలయ పట్టణం ఉంది. దాని దగ్గర స్టోరీబుక్ ఫామ్ అనే చోట ‘ప్రాగ్‌డే’ అనే ఉత్సవం జరుగుతుంది. 1995లో మొదలైంది. సెప్టెంబరు మొదటి సోమవారం అక్కడ కార్మిక దినోత్సవం. దానికి ముందు వచ్చే శని, ఆదివారాల్లో, రోజుకు సాధారణంగా నాలుగు బృందాల చొప్పున పాడి వాయిస్తారు. అక్కడికి దగ్గర్లోనే ఉన్న కేరీ, మోరిస్‌విల్ పట్టణాల్లో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మీ బంధువులెవరైనా అక్కడ ఉంటే ఈ ఉత్సవం సంగతి ఒకసారి అడిగి చూడండి.

ఇంతకీ ప్రోగ్రెసివ్ రాక్ అంటే ఏమిటి? 1960ల చివర ఇంగ్లండులో కొందరు యువకులకు మూడు నిమిషాల పాట చాలలేదు. పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి అనే చట్రం ఇరుకనిపించింది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచి, జాజ్ నుంచి, జానపదం నుంచి తమకు కావలసింది తెచ్చుకుని రాక్‌లో కలిపారు. కింగ్ క్రిమ్సన్ బృందం 1969 అక్టోబరులో విడుదల చేసిన తొలి ఆల్బమ్‌ను ఈ ధోరణికి గట్టి ఆరంభంగా చాలామంది లెక్కిస్తారు. అందులో మెలోట్రాన్ అనే వాద్యం వినిపిస్తుంది. అదొక చిత్రమైన యంత్రం. ప్రతి మెట్టుకీ ఒక అయస్కాంత టేపు ముక్క ఉంటుంది. దాని మీద వయొలిన్ల మోతో, వేణువు స్వరమో ముందే రికార్డు చేసి ఉంచుతారు. మెట్టు నొక్కితే సుమారు ఎనిమిది సెకన్లు మోగుతుంది, అంతే. వేలు తీస్తే టేపు వెనక్కి వెళ్ళిపోతుంది. ఆ ఎనిమిది సెకన్ల పరిమితితోనే వాళ్ళు నిండు వాద్యబృందం వాయిస్తున్నట్టు భ్రమ కల్పించారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పాట ఎంతసేపు ఉండాలో చాలాసార్లు కళాకారుడు నిర్ణయించడు, దాన్ని మోసే వస్తువు నిర్ణయిస్తుంది. పాత గ్రామఫోన్ ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరిగేది, ఒక వైపు సుమారు మూడు నిమిషాలు. మన రంగస్థల నటులు రాత్రంతా రాగాలు తీసి పాడే పౌరాణిక పద్యాలను ఆ మూడు నిమిషాల్లోకి కుదించవలసి వచ్చింది. ఎక్కడ ఆలాపన తగ్గించాలో, ఎక్కడ ఆపాలో ప్లేటే చెప్పింది. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చాక ఒక్కో వైపున ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికింది. ప్రోగ్రెసివ్ రాక్ బృందాలు ఆ చోటంతా వాడుకున్నాయి. 1972లో యెస్ బృందం ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ పేరుతో పద్దెనిమిది నిమిషాల రచనను రికార్డు ఒక వైపంతా పరిచింది. అదే ఏడాది జెథ్రో టల్ రెండు వైపులా కలిపి ఒకే రచన చేసింది. అది దాదాపు 44 నిమిషాలు!

రెండో లక్షణం లెక్క. మామూలు రాక్ పాటలో నాలుగు దెబ్బల లెక్క ఉంటుంది. ఈ సంగీతంలో అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు కూడా వస్తాయి, మధ్యలో మారిపోతాయి కూడా. పాశ్చాత్య శ్రోతకు ఇది కాలు తడబడే వ్యవహారం. మనకు మాత్రం పెద్ద కష్టం కాకూడదు. తకిట తక ధిమి అని చేత్తో వేసుకుంటే మూడు, రెండు, రెండు, మొత్తం ఏడు. అదే మిశ్రచాపు. తక తకిట అంటే అయిదు, ఖండచాపు. కర్ణాటక సంగీత కచేరీల్లో తరచుగా వినబడే తాళాలివి. ఈ సంబంధం కేవలం మన ఊహ కాదు. ఇంగ్లండులో పుట్టిన గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ 1971లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే రాక్, జాజ్ బృందాన్ని పెట్టాడు. తర్వాత మన విద్వాంసులతో కలిసి శక్తి బృందాన్ని నడిపాడు. దాని తర్వాతి రూపమైన ‘రిమెంబర్ శక్తి’లో ఆయన పక్కన కూర్చుని మాండలిన్ వాయించినవారు పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్.

సరే, ఇంత విద్య ఉన్న సంగీతం పొలానికి ఎందుకు చేరింది?

1970ల తొలి సగంలో ఈ బృందాలు పెద్ద పెద్ద స్టేడియాలు నింపాయి. 1976-77లో పంక్ వచ్చింది. మూడు శ్రుతి మేళవింపులు వస్తే చాలు, గిటార్ పట్టుకో అన్నది దాని ధోరణి. పత్రికలు ప్రోగ్రెసివ్ రాక్‌ను ఆడంబరమని వెక్కిరించాయి. నా ఉద్దేశంలో ఆ వెక్కిరింతలో కొంత నిజం ఉంది. కొందరు నిజంగానే పొగమంచులూ పట్టు అంగీలతో అతి చేశారు. అయితే కంపెనీలు ఆడంబరంతో పాటు సంగీతాన్ని కూడా వదిలేశాయి. రేడియోలో చోటు తగ్గింది. మిగిలింది శ్రోతలు. అక్కడొకరు, ఇక్కడొకరు, ఒకరికొకరు తెలియకుండా.

వాళ్ళు ఒకరినొకరు వెతుక్కున్న తీరు ఈ కథలో అసలు సంగతి. మారిలియన్ అనే బ్రిటిష్ బృందం 1997లో అమెరికా యాత్ర చేయలేకపోయింది, డబ్బు లేదు. అభిమానులు ఇంటర్నెట్ ద్వారా కూడబలుక్కుని సుమారు 60 వేల డాలర్లు పోగుచేసి బృందాన్ని రప్పించుకున్నారు. తర్వాతి ఆల్బమ్ ఒకదానికి ఆ బృందం శ్రోతలనుంచే ముందుగా డబ్బు తీసుకుని రికార్డు చేసింది, అది 2001లో వచ్చింది. ఇప్పుడు అందరూ చందాలతో సినిమాలూ పుస్తకాలూ తీస్తున్న పద్ధతికి ఇదొక తొలి నమూనా.

ఇలాంటి శ్రోతలే ఉత్సవాలూ పెట్టారు. పెన్సిల్వేనియాలో 1999లో మొదలైన నియర్‌ఫెస్ట్ వాటిలో పేరున్నది. సుమారు వెయ్యి మంది పట్టే చక్కని హాలు, పేరున్న బృందాలు. ఒకప్పుడు దాని టిక్కెట్లకు పోటీ ఉండేది. 2011కి వచ్చేసరికి టిక్కెట్లు చాలినన్ని అమ్ముడుపోక ఆ ఏడాది ఉత్సవం రద్దయింది. 2012లో చివరి ఉత్సవం జరిపి ముగించారు. ప్రాగ్‌డే మాత్రం పాతికేళ్ళు దాటి నడిచింది. హాలు అద్దె లేదు, పెద్ద పేర్లకు పెద్ద పారితోషికాల భారం తక్కువ, వచ్చేవాళ్ళు మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. చిన్నదిగా ఉండటం దానికి లోపం కాలేదు, రక్షణ అయింది.

ఇప్పుడు మీరు అక్కడికి వెళ్ళారనుకోండి. కుర్చీ మీరే తెచ్చుకోవాలి, నీడ కూడా. ఆ రోజుల్లో ఎండ 30 డిగ్రీల చుట్టూ ఉంటుంది, ఉక్కపోత మన కోస్తా జిల్లాలను గుర్తుచేస్తుంది. అట్లాంటిక్ తీరంలో తుఫానుల కాలం కూడా అదే. నీళ్ళసీసా, టోపీ, వాన కోటు మూడూ సంచిలో ఉండాలి. తోసుకోవడం ఉండదు. వాయించిన మనిషే కాసేపటికి మీ పక్కన నిలబడి తర్వాతి బృందాన్ని వింటూ ఉండవచ్చు. సీడీలు బల్ల మీద పెట్టి అమ్ముతారు. కొనగలిగితే ఒకటి కొనండి. ఆ డబ్బు నేరుగా వాయించినవాళ్ళ చేతికి వెళుతుంది, వాళ్ళ పెట్రోలు ఖర్చుకైనా వస్తుంది.

ఎక్కడ కూర్చోవాలి? చాలామంది వేదిక ముందుకు పరుగెడతారు. అది పొరపాటు. శబ్దాన్ని సరిచేసే ఇంజనీరు తన మిక్సర్ బల్ల ఎక్కడ పెట్టుకున్నాడో చూడండి. ఆయన అక్కడ తన చెవికి బాగున్నట్టు అమర్చుకుంటాడు కనుక దాని దగ్గర కూర్చుంటే కీబోర్డు, బాస్, గొంతు అన్నీ సమంగా వినిపిస్తాయి. ఆరుబయట గోడలుండవు, ప్రతిధ్వని లేదు. భౌతికశాస్త్రంలో చదివే ఉంటారు, చిన్న శబ్దమూలం నుంచి దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అందుకే స్పీకర్ల పక్కన హోరుగా ఉన్నది కాస్త దూరంలో స్పష్టమైన సంగీతం అవుతుంది.

చెవుల సంగతి మరిచిపోవద్దు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలు భరించవచ్చు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 88కి నాలుగు గంటలు, 91కి రెండు. ఇలా లెక్కవేసుకుంటూ పోతే 100 దగ్గర పదిహేను నిమిషాలే! రోజంతా కూర్చునేవాళ్ళు చెవుల్లో పెట్టుకునే బిరడాలు తీసుకెళ్ళాలి. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు. మన ఊరేగింపుల్లో డీజే పెట్టెల ముందు నడిచే పిల్లలకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఇంకొక మర్యాద ఉంది. ఇరవై నిమిషాల రచనలో సంగీతం పూర్తిగా తగ్గిపోయే చోట్లు వస్తాయి. అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేస్తే అసలు మలుపు మునిగిపోతుంది. పాతవాళ్ళు చేతులు ఎప్పుడు కలుపుతారో చూసి కలపండి. ఆ పాతవాళ్ళలో జుట్టు నెరిసినవాళ్ళే ఎక్కువ. ఈ సంగీతం ముందున్న గట్టి చిక్కు అది. వాయించే యువకులు వస్తున్నారు, కూర్చుని పూర్తిగా వినే యువకులు అంతగా రావడం లేదు.

అమెరికా వెళ్ళేదాకా ఆగనక్కరలేదు. కర్ణాటక కృతులను ఈ పద్ధతిలో వాయించే అగమ్ బృందం 2003లో బెంగళూరులో మొదలైంది. కొచ్చికి చెందిన మదర్‌జేన్ గిటారులోనూ మన గమకాలు దొరుకుతాయి. వీటికంటే ముందు ఒక చిన్న పని చేయండి. పింక్ ఫ్లాయిడ్ 1973లో చేసిన ‘మనీ’ అనే పాట పెట్టుకోండి. మొదట వినిపించే నాణేల గలగల, గల్లాపెట్టె చప్పుడు కూడా ఏడు దెబ్బల వరసే. చేత్తో ఏడు వేస్తూ వినండి. శాక్సఫోన్ వరకు అదే లెక్కలో సాగుతుంది. గిటార్ మొదలయ్యేచోట లెక్క నాలుగుకు మారుతుంది, తర్వాత మళ్ళీ ఏడుకు వస్తుంది. ఆ రెండు మలుపులూ చెయ్యి తప్పకుండా పట్టుకునేవరకు పాటను మళ్ళీ వేసుకోండి.